చమురు వెలయు, చుట్టపుచూపును

పెట్రోలు బంకుకడ పది నిమిషములు నిలిచి చూచినవారికి ఒక విషయము గోచరింపక మానదు. మోటారుసైకిలుపై వచ్చువారిలో లీటర్ల లెక్కన అడుగువారు అరుదు; "వందకు కొట్టు బాబూ" అనియో, "రెండు వందలకు పొయ్యి" అనియో రూపాయలలోనే అడిగి, ముందుగానే మడిచి పట్టుకొన్న నోటును చేతికిచ్చి సాగిపోవుదురు. నెలజీతగాండ్రలో కొందరు ట్యాంకు నింపించుకొందురు గాని, దినకూలిపై బ్రదుకువారును, చిల్లర వర్తకులును, కళాశాలలకు పోవు పిల్లలును ఆనాటి చమురును ఆనాడే కొనువారు. ఇట్టివారి చేతినుండి పోవు నోటు, ధర పెరిగినను తరిగినను, మారదు. ఆ నోటు వారిని తీసికొనిపోగల దూరమే మారుచుండును.

లెక్క చూచినచో ఇది స్పష్టమగును. 2020 మే నెలలో హైదరాబాదున లీటరు పెట్రోలు వెల రూ. 73.97, 2022 ఏప్రిల్ నాటికి అది రూ. 119.49 అయ్యెను. లీటరునకు 50 కిలోమీటర్లు నడచు బండికి వంద రూపాయల పెట్రోలు మొదటి ధరలో 67 కిలోమీటర్లకు పైగా వచ్చెడిది. రెండవ ధరలో 42 కిలోమీటర్లైనను నిండలేదు. రెండేండ్లు పూర్తిగాక మునుపే ఒక్క నోటులోనుండి 25 కిలోమీటర్లు తరిగిపోయినవి. ఆ 25 కిలోమీటర్లు ఎవరి బ్రదుకులో ఏ ప్రయాణమై యుండెను? కచేరికి పోవు దారియా, పొలమునకు పోవు దారియా, వైద్యుని యొద్దకు పోవు దారియా, లేక పుట్టింటికి పోవు దారియా? చమురు ధరలనుగూర్చి వ్రాయువారు బ్యారెళ్లను, డాలర్లను, పన్నులను లెక్కింతురు. నేను ఈ వ్యాసమున ముఖ్యముగా వెదకదలచినది ఆ తప్పిపోయిన దూరమును.

అయినను వెల యెట్లు ఏర్పడునో కొంత చెప్పక తప్పదు. మన దేశము వాడుకొను ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండి వచ్చునదే. 159 లీటర్లు పట్టు బ్యారెలు కింత యని డాలర్లలో వెల కట్టి, ఓడలపై తెచ్చి, విశాఖపట్టణమువంటి రేవులయందలి శుద్ధికర్మాగారములలో కాచి వేరుచేసిన పిదప, దానిపై కేంద్రప్రభుత్వపు ఎక్సైజు సుంకమును, బంకుదారుని కమీషనును, వీటన్నిటిపైని రాష్ట్రప్రభుత్వపు వ్యాట్ అను పన్నును చేరును. ఈ వ్యాట్‌ను తెలంగాణమున పెట్రోలుపై నూటికి 35.20 వంతున నిర్ణయించిరి. ఆంధ్రప్రదేశమున నూటికి 31 వంతున వేసి, అది చాలక లీటరునకు 4 రూపాయలును, రోడ్ల అభివృద్ధి పేర మఱియొక రూపాయయు చేర్చిరి. బయట ప్రపంచమున ధర పడినపుడు బంకులోను ధర పడవలెనని సామాన్యుడు తలచుట సహజము. 2020 ఏప్రిల్‌లో, కరోనా భయమున లోకమంతయు ఇండ్లలో ముడుచుకొని యుండగా, భారతదేశము కొను ముడిచమురు సగటు వెల బ్యారెలునకు సుమారు 20 డాలర్లకు దిగివచ్చెను. అమెరికా విపణిలోనైతే ఆ నెల 20వ తేదీన ముందస్తు ఒప్పందముల ధర సున్నకును దిగువకు పడిపోయెను. కేంద్రప్రభుత్వము అదివఱకే మార్చిలో లీటరుకు 3 రూపాయలును, తరువాత మేలో పెట్రోలుపై 10 రూపాయలును, డీజిలుపై 13 రూపాయలును సుంకము పెంచి, ఆ లాభమును ఖజానాకు మరల్చుకొనెను. 2021 నవంబరులోను, 2022 మేలోను ఆ సుంకమును కొంత తగ్గించిన మాట నిజమే. ఆ కష్టకాలమున ఖజానాకు ధనము గొప్ప అవసరమైన మాటయు నిజమే. కాని చౌకదినముల ఫలము చేతికి రాకుండగనే ప్రియదినములు వచ్చి మీదపడిన సామాన్యుని పక్షమున ఆలోచించినపుడు, ఈ సమాధానములు నాకు తృప్తి నొసగుట లేదు.

ధర పెరుగు తీరును మారినది. పూర్వము ప్రభుత్వమే ధరను నిర్ణయించు దినములలో, సాయంకాలపు వార్తలలో "అర్ధరాత్రినుండి పెట్రోలు ధర పెంపు" అని వినబడిన వెంటనే జనులు భోజనములు సగములో విడిచి బంకులయొద్ద బారులు తీరెడివారు. ఆ బారులలో నిలిచి తిట్టుకొనుట, తోడివారితో వాదించుట, ఇంటికివచ్చి "ఇకమీదట బండి తీయను" అని ఒట్టు పెట్టుకొనుట జరిగెడిది. 2010 జూన్‌లో పెట్రోలు ధరపైనను, 2014 అక్టోబరులో డీజిలు ధరపైనను ఆ నియంత్రణము తొలగినది. 2017 మే 1నుండి ప్రతిదినము ధర మార్చు పద్ధతిని ఐదు నగరములలో పరీక్షించిరి, వానిలో మన విశాఖపట్టణ మొకటి. జూన్ 16నుండి దేశమంతట అమలుచేసిరి. నాటినుండి పెరుగుదల పైసలలో రాసాగినది. 2021 నవంబరు 4నుండి 137 దినములు కదలక నిలిచిన ధర, 2022 మార్చి 22న కదలి, 16 దినములలో 14 మారులు పెరిగి, ఏప్రిల్ 6 నాటికి ఢిల్లీలో లీటరుకు 10 రూపాయలు ఎక్కెను. అక్కడ ఏ ఒక్క దినముననైనను పెంపు 80 పైసలకు మించలేదు. ఎనుబది పైసలకై ఎవడును బారు తీరడు, ఒట్టు పెట్టుకొనడు. అందుచేత అలవాటు మారుటయు అట్లే, ఎవరును నిర్ణయింపకయే, నెమ్మదిగా, మనుష్యుని ఎఱుకకు అందకుండ జరిగినది.

ధర మారినపుడు కొనుగోలు ఎంత మారునో దానిని అర్థశాస్త్రజ్ఞులు వ్యాకోచత్వ మందురు. మామిడిపండ్ల ధర రెట్టింపైనచో జనులు అరటిపండ్లు కొందురు. ఉప్పు ధర రెట్టింపైనను కూరలో ఉప్పు వేయక మానరు. పెట్రోలు ఈ రెంటిలో మొదట ఉప్పువంటిది, కొన్ని యేండ్లు గడచినపిదప కొంత మామిడిపండువంటిది. ధర పెరిగిన మరునాడు ఉద్యోగి తన యిల్లు కచేరికి దగ్గరగా మార్చుకొనలేడు, పాఠశాల పిల్లవాని వీధిలోనికి నడచి రాదు, బండి తనంతట తాను ఎక్కువ మైలేజీ ఇయ్యదు. కనుక చమురు వాడకము స్వల్పముగనే తగ్గును. ఏండ్లు గడచినకొలది ఇల్లు మారును, బండి మారును, బస్సు వచ్చిన బస్సు ఎక్కును. అప్పుడు తగ్గుదల కనబడును. ఇది పాఠ్యగ్రంథములు చెప్పు మాట, సత్యమే. కాని ఇందులో "స్వల్పము" అను మాటకడ నేను ఆగిపోవుదును. దేశమంతటి వాడకములో ఆ తగ్గుదల నూటికి ఒకటి రెండు పాళ్లే కావచ్చును; ఆ ఒకటి రెండు పాళ్లు అందఱి ప్రయాణములనుండి సమముగా తీసినవి కావు. కొన్ని ప్రయాణములు చెక్కుచెదరవు, కొన్ని సమూలముగా పోవును.

మా మేనత్తగారు కాకినాడనుండి రామచంద్రపురము పోవు దారిలో లోనికి తిరిగిన ఒక చిన్న యూరిలో నివసింతురు. మా గడపనుండి ఆమె గడపకు సరిగా 25 కిలోమీటర్లు. కరోనాకు పూర్వము నేను నెలకు రెండు ఆదివారములైనను భార్యాబిడ్డలతో కారులో అక్కడకు పోవుట, ఆమె వండిన పనసపొట్టు కూరతో భోజనముచేసి, మధ్యాహ్నము అరుగుమీద నడుము వాల్చి, ఎండ చల్లబడినపిదప తిరిగివచ్చుట అలవాటు. కరోనా రెండేండ్లు ఆ రాకపోకలను ఆపినది. దానిని చమురు ఖాతాలో వ్రాయుట న్యాయము కాదు. కాని వ్యాధి తగ్గినపిదపకూడ పాత అలవాటు తిరిగి రాలేదు. రానుపోను 50 కిలోమీటర్లు, మా పాత కారునకు మూడు లీటర్లకు పైమాట, 2022 వేసవిలో అది నాలుగు వందల రూపాయలు. ఈ ఆదివారము కాదు, వచ్చు ఆదివారమనుకొంటిమి. అప్పుడు కాదు, రామచంద్రపురములో పని యేదైన పడినపు డటే చూచి వత్తమనుకొంటిమి. చివరకు సంక్రాంతికి, ఉగాదికి తక్క పోవుట మానితిమి. ఒకనాడు నేను ఫోనులో, "చాలా రోజులైంది అత్తా, ఈ వారం వస్తాం" అనగా, "ఇంత ఖర్చు పెట్టుకుని ఇప్పుడు రావడం దేనికిరా అబ్బాయీ, ఫోనులో మాట్లాడుతూనే ఉన్నావుగా" అని ఆమెయే వారించిరి. నాకు ఖర్చు తప్పించుటకు ఆమె అట్లనిరి. నేను ఆ మాటను పట్టుకొని పోకుంటిని. ఇది నా తప్పు. కాని ఇట్టి సంభాషణము ఆ యేట ఎన్ని యిండ్లలో జరిగియుండునో యూహించుకొన్నచో, తప్పిపోయిన దూరము ఎక్కడిదో నాకు అర్థమగుచున్నది.

జీతము తెచ్చు ప్రయాణమును ఎవరును మానలేరు. అది ఎంత ఖర్చైనను సాగును. పిల్లల చదువునకు పోవు ప్రయాణము రెండవది. మందులకు, ఆసుపత్రికి పోవునది మూడవదనవలెను గాని, పేదలు దానిని వాయిదా వేయుట నేను ఎఱుగుదును. ముదుసలి తండ్రి మోకాలినొప్పి మఱి నాలుగు వారములు ఓర్చుకొనును, చక్కెరజబ్బు పరీక్ష నెలకు బదులు రెండు నెలల కొకమారు జరుగును. మిగిలినవన్నియు, అనగా చుట్టపుచూపు, స్నేహితుని పలకరింపు, గుడికి పోవుట, సంతకు ఊరకే పోయి చూచివచ్చుట, ధర పెరిగిన తొలినెలలోనే కత్తెరకు ఎదురగును. శుభలేఖ అందుకొన్న ఇంటినుండి నలుగురు పోవుచోట ఒక్కరు ప్రతినిధిగా పోయి అక్షతలు వేసి వత్తురు. నాలుగు ఇండ్లవారు కలిసి ఒక్క కారు మాటాడుకొందురు. ఇందులో పొదుపును ఉన్నది, కలిసి ప్రయాణము చేయుటలోని సంతోషమును ఉన్నది; దానిని నేను కాదనను. కాని కారులో చోటు లేక ఇంటికడ నిలిచిపోవునది తఱచుగా ఆ యింటి ముదుసలియే.

బండినే బ్రదుకుతెరువుగా చేసికొన్నవారి సంగతి వేఱు. కాకినాడ రేవులో తెల్లవారుజామున చేపలు పాడుకొని, మంచుగడ్డల పెట్టెలో సర్ది, మోపెడు వెనుక కట్టుకొని పల్లెలకు పోవువారిని మా ప్రాంతమున అందఱు నెఱుగుదురు. వారు పోవు దారి ఒక సరళరేఖవంటిది: మొదటి యూరిలో సగము సరకు అమ్ముడగును, రెండవ యూరిలో మఱి కొంత, కొసయూరిలో మిగిలినది. చమురు ప్రియమైనపుడు కొసయూరు దారిలోనుండి జారిపోవును, ఏలయన ఆ మిగిలిన రెండు కిలోల లాభము ఆ చివరి ఎనిమిది కిలోమీటర్ల పెట్రోలునకు చాలదు. చేపలవాడు తన అలవాటును మార్చుకొన్నాడని మనము వ్రాసికొందుము. ఆ కొసయూరివారు చేప తినుట మానుకొన్నారని ఎవరును వ్రాయరు. దుస్తుల మూటలవాడు, స్టీలు సామానులవాడు, పాత ఇనుము కొనువాడు అందఱిదియు ఇదే కథ. వరిచేనికి దమ్ము చేయు ట్రాక్టరు ఎకరమునకు ఎన్ని గంటలు తిరుగవలెనో అన్ని గంటలు తిరుగవలసినదే. అక్కడ డీజిలు ధర నేరుగా దమ్ముకూలిలో చేరి రైతు తలపై పడును. 2011 జనాభా లెక్కలలో దేశమున నూరు కుటుంబములలో మోటారు ద్విచక్రవాహనము గలవి 21, కారు గలవి 5కు లోపే. తరువాత ఈ సంఖ్యలు పెరిగియుండుట స్పష్టమే యైనను, బండి లేని కుటుంబమునకు చమురు ధరతో నిమిత్తము లేదనుకొనుట పొరపాటు: షేరు ఆటోవాడు అడుగు అదనపు ఐదు రూపాయలలోను, లారీ బాడుగ చేరిన ఉల్లిపాయల ధరలోను అది వారిని చేరుకొనును.

ఇక బండి నడపు తీరులో వచ్చు మార్పును చూతము. ధర పెరిగినపు డెల్ల మైలేజీ రహస్యములు ఇంటింట వినబడును. వానిలో కొన్ని సత్యములు, కొన్ని ప్రాణాపాయకరములు. గాలి నిరోధము వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారును 100కు పెంచినచో గాలి త్రోపు ఒకటిన్నర రెట్లకు మించును, ఆ త్రోపును గెలుచుటకై కాలిన పెట్రోలంతయు హైదరాబాదు, విజయవాడల నడుమ సుమారు నలుబది నిమిషముల లాభమునకు మాత్రమే ఖర్చైనదని గ్రహింపవలెను. టైరులో గాలి తగ్గినచో అది నేలకు ఎక్కువగా అంటుకొని ఇంజనుపై బరువు పెంచును. వారమున కొకమారు గాలి చూపించుకొనుట ఖర్చులేని పొదుపు. కూడలిలో ఎఱ్ఱదీపముకడ ఎక్కువసేపు నిలువవలసివచ్చినచో ఇంజను ఆపుట మంచిదే. ఊరకే గేర్లు మార్చుచు, ముందు బండిపై దూసుకొనిపోయి వెంటనే బ్రేకు వేయుటలో పెట్రోలు వ్యర్థమగును: వేగము పుట్టించుటకు కాలినదే బ్రేకుల వేడిగా మాఱి గాలిలో కలియును.

కాని మారేడుమిల్లి, అరకు, శ్రీశైలము ఘాట్లలో దిగునపుడు గేరు న్యూట్రలునకు మార్చుట, ఇంకను ఘోరముగా ఇంజనునే ఆపివేయుట అను అలవాటు ఒకటి కలదు. డీజిలు ప్రియమైన దినములలో ఇది లారీలవారిలోను, కార్లవారిలోను కనబడును. లారీ బ్రేకులు గాలి పీడనముపై పనిచేయును. ఆ గాలిని నింపు యంత్రము ఇంజనుతోనే తిరుగును. కారు బ్రేకునకును, స్టీరింగునకును తోడ్పడు శక్తియు ఇంజనునుండియే వచ్చును. ఇంజను ఆగినచో కొన్ని మారులు త్రొక్కిన పిదప బ్రేకు రాయివలె బిగిసిపోవును, క్రింద లోయ. ఇంతకును ఇందులో పొదుపుకూడ లేదు. ఈనాటి ఇంజనులలో గేరులో నుండగనే కాలు యాక్సిలరేటరు పైనుండి తీసినచో, దిగుడు వేగమే ఇంజనును త్రిప్పుచుండుటచేత, ఇంధనము పోవుటను యంత్రమే పూర్తిగా ఆపివేయును. న్యూట్రలులో వేసినచో ఇంజను ఆగకుండుటకై కొంత ఇంధనము కాల్చవలసివచ్చును. గేరులో దిగువాడే తక్కువ కాల్చును, ఇంజను నిరోధము బ్రేకునకు తోడగుటచేత క్షేమముగాను దిగును. ఈ సంగతి ఘాటు మొదట పెద్ద యక్షరములతో వ్రాయించి నిలుపదగినది.

పొదుపునకై జనులు చేయు ప్రయాణములలో మిక్కిలి విచిత్రమైనది మా కాకినాడవారికి చిరపరిచితము. గౌతమీతీరమున నున్న యానాము 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, నేడు పుదుచ్చేరిలో భాగముగా నున్నది. అక్కడ అమ్మకపుపన్ను తక్కువ యగుటచేత ఆంధ్రప్రదేశపు బంకులకంటె పెట్రోలు లీటరుకు పది రూపాయలకు పైగా చౌకగా దొరకిన దినములు కలవు. కాకినాడనుండి యానాము సుమారు 30 కిలోమీటర్లు. కోనసీమనుండి వంతెన దాటి వచ్చు కార్లును, కాకినాడ వైపునుండి పోవు లారీలును అక్కడి బంకులలో నిండుగా నింపించుకొని పోవుట నిత్యము చూడవచ్చును. ఇందులో లాభ మెవరికి? పది లీటర్ల ట్యాంకు గల మోటారుసైకిలువాడు లీటరుకు పది రూపాయల వంతున నూరు రూపాయలు మిగుల్చుకొనుటకు 60 కిలోమీటర్లు తిరిగినచో, లీటరుపై మఱి ఐదవ వంతు, అనగా అంతకు మించిన ధనము, దారిలోనే కాల్చివేయును. వాని కాలమును, వాని నడుమునొప్పిని ఎవరును లెక్కింపరు. వేరు పనిమీద ఎట్లును ఆ దారిన పోవువానికి అది లాభమే. డీజిలుపైనను అంతే తేడా యున్నచో, మూడు వందల లీటర్లు పట్టు లారీకి మూడు వేల రూపాయలు మిగులును. ఆ లారీ యజమాని ప్రయాణమార్గమునే యానాము మీదుగా త్రిప్పుట తెలివియే. చమురు ధర ఈ తీరున దారులను సయితము వంచగలదు. కర్ణాటక సరిహద్దునందలి మన జిల్లాలవారును ఇదే చేయుదురు. సరిహద్దునకు ఈవలనున్న బంకుదారులు బేరములు పడిపోయి మొఱ్ఱపెట్టుదురు. పన్ను పెంచిన రాష్ట్రము, అమ్మకము పొరుగునకు తరలిపోవుటచేత, ఆశించిన రాబడిలో కొంత కోల్పోవును.

ప్రియమైన చమురు మనకు ఇదే మొదలు కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కూపనులపై దొరకిన దినములలో మన బస్సులు వెనుక పొయ్యి కట్టుకొని బొగ్గువాయువుతో నడచినవి. చక్రము చేతితో త్రిప్పి పొయ్యి రాజవేసినగాని బస్సు కదలెడిది కాదని, ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి నెట్టెడివారని పెద్దలు చెప్పగా చిన్నప్పుడు వింటిమి. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని బిగించినపుడు బ్యారెలు ధర కొలది నెలలలో 3 డాలర్ల నుండి సుమారు 12 డాలర్లకు ఎగసెను. ఢిల్లీలో ఆ నవంబరు 12న అటల్ బిహారీ వాజపేయి పెట్రోలు ధరల పెంపునకు నిరసనగా ఎడ్లబండిపై పార్లమెంటునకు వచ్చిరి. హాలండులో నవంబరు 4నుండి కొన్ని ఆదివారములు కార్లు రోడ్డెక్కరాదని శాసించిరి. ఖాళీయైన రాజమార్గములపై పిల్లలు చక్రాల బూట్లతో ఆడుకొనిరి, కుటుంబములు సైకిళ్లపై తిరిగినవి. అమెరికాలో 1974 జనవరిలో దేశమంతటికి గంటకు 55 మైళ్ల వేగపరిమితి విధించిరి.

ఆ రెండు దేశములలో తరువాత జరిగినది గమనింపదగినది. చమురు మరల చౌకయైనపుడు అమెరికనులు వేగమును మరగిరి, మునుపటికంటె పెద్ద బండ్లు కొనిరి. హాలండులో అట్లు జరుగలేదు. రోడ్లపై పిల్లల చావులకు వ్యతిరేకముగా అంతకు ముందే రేగిన ఉద్యమమును, చమురు కొఱతయు కలిసివచ్చి, ఊరూర సైకిళ్లకు వేరు దారులు వేయించినవి. ధర దిగినను ఆ దారులు దిగిపోలేదు, జనులు సైకిలు దిగలేదు. ధర అలవాటును కదల్చగలదు గాని, కదలిన అలవాటు నిలిచియుండుటకు కాలి క్రింద ఒక దారియో, వీధి మొగమున ఒక బస్సో ఉండవలెనని నేను దీనినుండి తెలిసికొంటిని. మన దేశమున ఆనాటి దెబ్బలకు దొరకిన జవాబు వేఱు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 మొదలుగా, తక్కువ త్రాగి ఎక్కువ నడచు బండ్లు వచ్చినవి, "ఎంత మైలేజీ ఇస్తుంది?" అను ప్రశ్న పెండ్లిచూపులలో జీతమునుగూర్చి అడుగు ప్రశ్నవలె బండి కొనుటలో మొదటిది అయ్యెను. ఆ బండ్లు చమురును తగ్గించెనా యనిన, ఒక్కొక్క బండి తగ్గించినది, దేశము మాత్రము ఎక్కువ కాల్చినది. ఏలయన ప్రయాణము చౌకయైనకొలది అంతవఱకు నడచినవారును బండి ఎక్కిరి. బొగ్గు విషయమున ఈ సూక్ష్మమును జెవన్స్ అను ఆంగ్లేయ పండితుడు 1865లోనే గుర్తించెను. దీనిని నేను నష్టముగా భావింపను. నడచి పోలేని చోటికి ఒక తరము తెలుగువారు ఆ బండ్లపై పోగలిగిరి, బిడ్డను పట్నపు కళాశాలలో చేర్చగలిగిరి. నేటి విద్యుత్తు స్కూటర్లును అట్టివే. నూరు కిలోమీటర్లకు సుమారు 3 యూనిట్ల కరెంటుతో నడచునని విని ఆశపడనివారు లేరు గాని, రోజుకు వంద నోటుతో నడుపుకొను చేపలవానికి ముందుగా చెల్లింపవలసిన వెలయే అడ్డుగోడగా నున్నది.

బస్సు సంగతి చివరకు ఉంచుకొంటిని. పెట్రోలు ప్రియమైనపుడు జనులు బండి విడిచి బస్సెక్కవలెను గదా యని పట్టణములలో కూర్చుండి అనుకొందుము. బస్సును చమురుతో నడచునదే. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ డీజిలు సెస్సు పేర పల్లెవెలుగు టిక్కెట్టుపై 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్సుపై 5 రూపాయలు పెంచినది. తెలంగాణమునను అట్టి సెస్సు వేసిరి. రెండు రూపాయలు చిన్నవే యని తోచును. రోజుకు రెండు మారులు ఎక్కు కూలికి నెలకు అది నూరు రూపాయలు. బండి గలవానికి పెట్రోలు ప్రియమైనదే దెబ్బ. బండి లేనివానికి, ఆశ్రయము కావలసిన బస్సుకూడ అదే దినమున ప్రియమగుట రెండవ దెబ్బ. జర్మనీలో అదే 2022లో, ఉక్రెయిను యుద్ధముచేత చమురు మండిపోవుచున్న జూన్, జులై, ఆగస్టు నెలలలో, 9 యూరోలకు నెలయంతయు దేశమున ఎక్కడనైనను స్థానిక రైళ్లలో, బస్సులలో తిరుగవచ్చునను టిక్కెట్టు పెట్టిరి. సుమారు 5 కోట్ల 20 లక్షల టిక్కెట్లు అమ్ముడుపోయినవి. ప్రియదినమున బస్సును చౌక చేయుట సాధ్యమే యని అది చూపినది.

మనకడ ఆ పని చమురునకు మందుగా జరుగలేదు, స్త్రీల సంక్షేమముగా జరిగినది. తెలంగాణమున 2023 డిసెంబరు 9నుండి మహాలక్ష్మి పథకము క్రిందను, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15నుండి స్త్రీశక్తి పథకము క్రిందను స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించిరి. దీనివలన ఖజానాకు కలుగు భారమును, పల్లెవెలుగు బస్సులలో కాలు పెట్ట చోటు లేకపోవుటను, ఆటోవారి బేరములు పడిపోవుటను నేను చూచుచునే యున్నాను. ఆటోవారి మొఱ్ఱ న్యాయమైనది, దానికి జవాబు చెప్పవలసినది ప్రభుత్వమే. అయినను నా ప్రశ్నకు ఇంతకంటె మంచి పరీక్ష మఱియొకటి దొరకదు. ధర పెరిగినపుడు ఏ ప్రయాణములు పోవునో చూచితిమి. ధర సున్నయైనపుడు ఏ ప్రయాణములు వచ్చునో ఏ బస్సులోనైనను ఎక్కి చూడవచ్చును. కూలికి పోవువారు ఉందురు, ఆసుపత్రి చీటీలు పట్టుకొన్నవారు ఉందురు. వారి నడుమ, సంచులు ఒడిలో పెట్టుకొని కూతురింటికి, చెల్లెలింటికి, అన్నవరము కొండకు పోవు ముదుసలులు నిండియుందురు. చమురు తీసికొనిపోయిన దూరమును వారు ఆ సీట్లలో కూర్చుండి తిరిగి తెచ్చుకొనుచున్నారు.

2025 సెప్టెంబరులో ఒక ఉదయమున మా యింటి ఫోను మ్రోగినది. "కాంప్లెక్సులో దిగానురా అబ్బాయీ. నువ్వు బండేసుకుని రావద్దు, ఆటోలో నేనే వచ్చేస్తాను" అని మా మేనత్తగారు. ఆమెకు డెబ్బదిరెండేండ్లు, ఒంటరిగా ఇన్ని కిలోమీటర్లు వచ్చి ఎన్నేండ్లైనదో ఆమెకే జ్ఞప్తి లేదు. అరగంటలో వాకిట ఆటో ఆగినది. సంచిలోనుండి ములక్కాడలను, చేమదుంపలను, గుడ్డలో మూటకట్టిన పనసపొట్టును ఒక్కొక్కటిగా తీసి గచ్చుమీద పెట్టిరి. వానితోపాటు నలిగిన సున్న టిక్కెట్టొకటి బయటపడగా, పిల్లవాడు దానిని ఆడుకొనుటకు తీసికొనబోయెను. "ఉండనీ నాన్నా, తిరుగు ప్రయాణంలో కండక్టరు అడుగుతాడేమో" అని ఆమె దానిని మరల మడిచి చీరకొంగున ముడివేసికొని, వంటయింటిలోనికి నడచిరి.